ఆటు నీళ్ళు

1971 ఆగస్టు 3, మంగళవారం

పాచి మళ్ళీ వచ్చింది.

శనివారం సాయంత్రం చొక్కా చేతులు మడిచి నేనే గోకాను. పగడపు రాయి మీద ఒక్క పోగు మిగల్చలేదు. ఈ పొద్దున లాబ్ తలుపు తీస్తే తొట్టి గాజుకి నాలుగు వైపులా పచ్చటి నూగు. రాయి మీద రెండంగుళాల పోగులు, జుట్టు విరబోసుకున్నట్టు, గాలిబుడగలకి తీరిగ్గా ఊగుతూ. సిగ్గులేని జాతి. ఇరవై ఏళ్ళుగా నేను వ్యాసాల్లో దుమ్ము దులిపిన స్వాములూ పీఠాధిపతులూ అయినా దెబ్బ తగిలాక నాలుగు రోజులు మూలిగేవాళ్ళు.

విశాఖ యూనివర్సిటీలో ఆ పెద్దమనుషులు నవ్విన నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. "అచ్యుతరామారావుగారూ, సముద్రానికి నలభై మైళ్ళ అవతల, బెజవాడ ఎండలో, పగడపు జీవులా?" అన్నారు. ఏం, బెజవాడ కాలేజీ పిల్లలు జువాలజీని పుస్తకంలో బొమ్మలు చూసే నేర్చుకోవాలా? ఏప్రిల్‌లో రామేశ్వరం నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను ఆ రాయిని. రెండు వారాలకొక ఆదివారం బందరు పోయి సముద్రపు నీళ్ళు మోసుకొచ్చాను. జులై చివరిదాకా రోజూ పది గంటలకి ఆ రాయి వందల నోళ్ళు తెరిచింది. ఇప్పుడు సగం కూడా తెరవడం లేదు. ఊపిరాడనిస్తేగా పాచి!

కారణం ఉండాలి. కారణం లేని కార్యం లేదు.

ఆగస్టు 5

మళ్ళీ గోకాను. వేళ్ళు పగిలాయి. ఉప్పు మంట.

ఆగస్టు 8, ఆదివారం

బందరు వెళ్ళి వచ్చాను. నాలుగు డబ్బాల నీళ్ళు. కండక్టరు డబ్బాలు బస్సు పైన వేయనన్నాడు. "నీళ్ళా? సముద్రం నీళ్ళా? ఎందుకండీ, కృష్ణలో నీళ్ళు అయిపోయినాయా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఉయ్యూరు దాకా అతనికి పగడపు జీవి గురించి చెప్పాను. ఉయ్యూరులో నిద్రపోయాడు.

సాయంత్రమే లాబ్ తెరిపించి తొట్టిలో మూడో వంతు పాత నీళ్ళు తీసేసి కొత్తవి పోశాను. దానమ్మ డబ్బాలు అందించింది. తొట్టి పని చూసే అటెండరు ఆమె. రొయ్య ముక్క నూరి మేత వేసేదీ, గాలి మోటారు ఆగితే పరిగెత్తుకొచ్చి చెప్పేదీ ఆమే. నాలుగేళ్ళుగా టెంపరరీ. వచ్చే నెల కమిటీలో పర్మినెంటు చేస్తారు. ఆ సిఫారసు రాసింది నేనే. కులం చూసి చీపురు చేతికిచ్చే ఈ దేశంలో ఒక మాల క్రైస్తవ స్త్రీ చేతికి సైన్సు పరికరం ఇచ్చింది నేను. ఎవరైనా కాదనమనండి.

నీళ్ళు పోస్తుంటే ఏదో చెప్పబోయింది. "మేస్టారూ, నీళ్ళు పోసిన ప్రతిసారీ..." అంది. తర్వాత చెప్పు అన్నాను. చీకటి పడుతోంది.

ఆగస్టు 11

నీళ్ళు మార్చి మూడు రోజులే. ముందుకంటే ఘోరం.

ఆలోచించాను. వెలుతురు మారలేదు. గాలి మారలేదు. నీళ్ళు కొత్తవి. మిగిలింది మేత. తినగా మిగిలిన మేత కుళ్ళుతుంది, కుళ్ళు పాచికి ఎరువు. పాఠ్యపుస్తకం చెప్పే మొదటి కారణం అదే. దానమ్మని పిలిచాను.

"ఎంత వేస్తున్నావు?"

"మీరు చెప్పినంతే నండి. ఆ చిన్న స్పూనుతో ఒక్కటి."

"ఒక్కటే?"

"ఒక్కటే నండి."

"మరి పాచి ఎక్కడి నుంచి వస్తోంది? ఆకాశం నుంచి ఊడిపడుతోందా?"

"ఏమోనండి. నేను మొన్న చెప్పబోయింది అదే. మీరు నీళ్ళు..."

"నీళ్ళ సంగతి నేను చూస్తున్నానమ్మా. మేత సంగతి అడుగుతున్నాను."

తల దించుకుని స్పూను కడగడం మొదలెట్టింది. దొరికిపోయిన మనిషి వాలకం అది. జాలితో ఇంకో స్పూను వేసి ఉంటుంది. అజ్ఞానం చెడ్డతనం కాదు, కానీ నష్టం చేయడంలో రెండూ ఒకటే.

ఆగస్టు 14, శనివారం

ప్రిన్సిపాలు సంజీవరావుగారికి రాసి ఇచ్చాను. ఇంగ్లీషులో, పేజీన్నర. రాతపూర్వకంగా ఇచ్చిన కొలత పాటించకపోవడం, తత్ఫలితంగా పరికరానికి కలిగిన నష్టం, శిక్షణ లేని సిబ్బంది చేతుల్లో ప్రయోగశాల. వాదం గట్టిగా నిలబడింది. రెండో పేజీ చివరి వాక్యం నాకే నచ్చింది.

నేను రాసింది తొట్టి గురించి. మనిషి గురించి కాదు.

ఆగస్టు 15

జెండా వందనం. సంజీవరావుగారి ఉపన్యాసం నలభై నిమిషాలు. తొట్టి జెండాలో కింది చారలా ఉంది.

ఆగస్టు 19

దానమ్మ లాబ్ బయట నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఆఫీసులో నా కాగితం పక్కన పెట్టేశారంటండి. మీరేదో రాశారని."

"నేను రాసింది తొట్టి గురించమ్మా."

"తొట్టి పర్మినెంటు ఆపరు కదండీ."

జవాబు చెప్పాను. వ్యక్తికీ వ్యవస్థకీ తేడా వివరించాను. పది నిమిషాలు నిలబడి విని, "సరేనండి" అని వెళ్ళిపోయింది. నాతో వాదించే వాళ్ళని నేను ఎప్పుడూ భరించగలను. ఈ "సరేనండి" ఉందే, దీనికేం జవాబు చెప్పాలి?

ఆగస్టు 22, ఆదివారం

బందరు. ఈసారి ఆరు డబ్బాలు. సగం నీళ్ళు మార్చాను. మేత నేనే వేస్తున్నాను, స్పూనులో సగం. దానమ్మ మళ్ళీ నీళ్ళ మాట ఎత్తబోతే చెయ్యెత్తి ఆపాను. ఇక చూడాలి.

ఆగస్టు 25

చూశాను. మూడంగుళాలు.

కిటికీకి నల్లగుడ్డ కట్టాను. పగడపు రాయికి ఎడమ వైపు తెల్లబడింది. తెల్లబడటమంటే చావే. మేత సగానికి తగ్గించినా పాచి పెరిగిందంటే పాత మేత ఇసకలో మిగిలి ఉండాలి. అంతే. ఇసక కింద.

నేను రాసింది తొట్టి గురించే.

ఆగస్టు 29

జానకి అన్నం వడ్డిస్తూ అడిగింది. "దానమ్మ మీద చాడీ రాశారటగా?"

"చాడీ కాదు, నివేదిక."

"పక్కింటావిడ నా మీద మా అత్తగారికి చెప్పేదాన్ని నివేదిక అనే అనేదేమో పాపం."

"నీకు శాస్త్రీయ విషయం అర్థం కాదు."

"కాదులెండి. మేత మీరే వేస్తున్నారటగా, ఇప్పుడు పాచి తగ్గిందా?"

పెరుగు వేయించుకోకుండా లేచాను. ఆవిడ గెలిచాననుకుని ఉంటుంది.

తగ్గలేదు. అది నిజమే.

సెప్టెంబరు 5, ఆదివారం

ఇది పూర్తిగా రాయాలి. తోచిన క్రమంలో కాకుండా, జరిగిన క్రమంలో.

పన్నెండున్నరకి ఎప్పటిలాగే బందరు అవతల ఒడ్డుకి చేరాను. మొగ పక్కన, మురుగు కాలువ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో. బండి అక్కడిదాకే పోతుంది, డబ్బాలు ఎక్కువ దూరం మోయక్కర్లేదు. మోకాలి లోతు నీళ్ళలో మొదటి డబ్బా ముంచుతుంటే వెనక నుంచి కేక.

"ఓ పంతులుగారూ! మల్లీ ఆటు నీల్లే పడతన్నారా?"

ఎండుచేపలు ఆరబెట్టుకుంటున్న మనిషి, బుల్లెమ్మట. నేను వచ్చినప్పుడల్లా చూసిందట.

"ఏ నీళ్ళయితేనేం? అంతా సముద్రమేగా."

"అదెట్టా? ఆటంటే సముద్రం ఎనక్కి పోతన్నట్టు. ఇది ఎనక్కి పోతా ఉంటే ఆ కాలవలో ఉన్నదంతా ఈడికొస్తది. మీరు పడతంది సముద్రం కాదండి బాబు, పామర్రోల్ల చేలో నీల్లు."

ఒప్పుకోలేదు. ఉప్పదనం, సాంద్రత అంటూ మొదలెట్టాను. ఆవిడ చేత్తో ఆపి, "నాలిక్కి రాసుకోండి" అంది. రాసుకున్నాను. ఉప్పు తక్కువ. పసిపిల్లవాడికైనా తెలిసేంత తక్కువ.

"మరి ఎండాకాలంలో నా రాయి బాగానే ఉందే!"

"ఎండాకాలం కాలవలు కట్టేత్తారు గదా. చేలో నీల్లే ఉండవు, ఇంకేం దిగుద్ది? పున్నమికీ అమాసకీ పొద్దున తొమ్మిదింటికే పోటు నిండుద్ది. మీరొచ్చే ఏలకి దిగిపోతా ఉంటది. అట్టమికైతే మీ బస్సు దిగే ఏలకి ఎక్కతా ఉంటది. అప్పుడు రండి. మొగ పక్కన కాదు, అదుగో ఆ సరుగుడు చెట్ల కాడ ముంచుకోండి." నవ్వింది. "సదుంకున్నోరు గదా, తెలిసే పడతన్నారేమో, మందులో కలుపుకుంటారేమో అనుకున్నాం."

రెండు డబ్బాలు పట్టుకున్నాను, పోల్చి చూడ్డానికి. మిగతావి ఖాళీగానే తెచ్చాను.

దారిలో పామర్రులో దిగాను. జానకి తమ్ముడు బసవపున్నయ్యది అక్కడే వ్యవసాయం. చెరుకు రసం ఇవ్వబోతే వద్దని, నీ చేలో నీళ్ళు ఎటు పోతాయో చూపించు అన్నాను. గట్టు వెంట నడిపించి మురుగు కాలువ చూపించాడు. కాలువ అంచున గడ్డి దుబ్బులకి చుట్టుకుని ఊగుతోంది పాచి. చూడగానే గుర్తుపట్టాను. నెల రోజులుగా దాని ముఖమేగా చూస్తున్నది.

"సూపరు ఫాస్ఫేటు ఎంత వేస్తున్నావురా?"

"ఎకరానికి మూడు బస్తాలు బావా."

"మూడా! ఎవరు చెప్పారు?"

"అదేంటి, నువ్వే గదా! 'పాత ఎరువు, పాత మెదడు' అని కరపత్రం వేశావుగా మూడేళ్ళ కింద. పేడెరువు పట్టుకుని వేలాడేవాడు దేశద్రోహి అన్నావు. ఊళ్ళో పంచిపెట్టింది నేనే. మా నాన్న ఇప్పటికీ నీతో మాట్లాడట్లా."

ఆ కరపత్రంలో తప్పు లేదు. ఐ.ఆర్. ఎనిమిది వరి వచ్చాక ఆ ఊళ్ళో ఆకలి తగ్గింది, అది నా కళ్ళతో చూశాను. కానీ చేలో వేసింది వర్షానికి ఎటు పోతుందని నేను అడగలేదు. ఎనిమిది పేజీల్లో ఎక్కడా అడగలేదు.

ఏప్రిల్‌లో మొదలుపెట్టిన లెక్క, రెండు వారాలకొక ఆదివారం. క్రమశిక్షణ అనుకున్నాను. జులై చివరి నుంచి ప్రతిసారీ పున్నమికో అమావాస్యకో దగ్గరగా పోయి, సరిగ్గా ఆటు వేళకి దిగి, ఎరువు నీళ్ళు నింపుకుని, నలభై మైళ్ళు మోసి, పాచికి పోశాను. గోకిన ప్రతిసారీ మళ్ళీ పోశాను. ఎంత శ్రద్ధగా!

సెప్టెంబరు 6

ఈ రోజు రాయడానికి ఏమీ లేదు.

సెప్టెంబరు 7

దానమ్మ సెప్టెంబరు ముప్పై దాకా పనిలో ఉంటుంది. కమిటీ ఇరవైనాలుగున. కాగితం పక్కనే ఉండిపోతే అక్టోబరు నుంచి రానక్కర్లేదు.

నేను రాసింది దానమ్మ గురించి.

సెప్టెంబరు 8

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ మూడు పేజీలు రాసి సంజీవరావుగారికి ఇచ్చాను. ఇంగ్లీషులోనే. ఆయన రెండూ పక్కపక్కన పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, నెమ్మదిగా చదివారు.

"రెండూ బాగున్నాయండీ రామారావుగారూ. ఆగస్టులో మేత వల్ల అన్నారు, నమ్మాను. ఇప్పుడు నీళ్ళ వల్ల అంటున్నారు, ఇదీ నమ్మేలాగే ఉంది. కమిటీ వాళ్ళు ఏ రామారావుగారిని నమ్మాలంటారు?"

"ఇది నిజం."

"అదీ నిజమనే రాశారు. కింద సంతకం కూడా ఇదే." నవ్వలేదాయన. నవ్వి ఉంటే నయం. "మీ రాతకి ఎదురు నిలిచేది మీ రాత కాదండీ. కళ్ళకి కనపడేది ఏదన్నా పట్టుకు రండి."

మనిషి మితవాది. ఖద్దరు కట్టే భూస్వామి కొడుకు. ఆయన చెప్పింది మాత్రం కాదనలేకపోయాను.

సెప్టెంబరు 9

దానమ్మకి చెప్పాను. బందరు, బుల్లెమ్మ, పామర్రు, అంతా. స్టూలు మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"నీళ్ళు పోసిన ప్రతిసారీ మూడో రోజుకి పచ్చబడుతోందని చెప్పబోయానండి. మూడుసార్లు చెప్పబోయా."

"గట్టిగా చెప్పాల్సింది."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో! ఆమె నా వంక చూసింది. ఇన్నాళ్ళలో మొదటిసారి నేరుగా.

"మేస్టారూ, మీరు కులం లేదంటారు, మీటింగుల్లో మా పక్కన కూర్చుని భోంచేస్తారు. కాదన్ను. కానీ తొట్టి చెడగానే ముందు నా చెయ్యే కనిపించింది మీకు. మీ చెయ్యి కనిపించలా. ఆ డబ్బాలు మోసింది మీ చెయ్యే గదండీ."

ఇరవై ఏళ్ళ వాదాల సామగ్రి ఉంది నా దగ్గర. ఏదీ ఇక్కడికి పనికిరాలేదు.

ఆమే అంది. "కళ్ళకి కనపడాలన్నారు గదా ప్రిన్సిపాలు గారు. రెండు సీసాలు పెడదామండి. ఒకదాన్లో ఆటు నీళ్ళు, ఒకదాన్లో పోటు నీళ్ళు. రెండిట్లో ఒకే కొలత పాచి, ఒకే కిటికీలో. మేత వెయ్యొద్దు. అసలు వెయ్యొద్దు."

కంట్రోలు, ఎక్స్‌పెరిమెంటు. బి.యస్సీ. వాళ్ళకి మూడేళ్ళుగా నేను చెబుతున్నది.

సెప్టెంబరు 11

అష్టమి ఎప్పుడో నాకెలా తెలుస్తుంది? పంచాంగాన్ని ఈ ఇంట్లోంచి 1952లో బయటికి విసిరాను. వంటింటి గుమ్మంలో నిలబడి, చంద్రుడి స్థితి తెలుసుకోవడం ఖగోళశాస్త్రమే తప్ప మూఢనమ్మకం కాదని జానకికి వివరించడం మొదలెట్టాను. ఆవిడ మధ్యలోనే లేచి పప్పు డబ్బా వెనక నుంచి ఈ ఏటి పంచాంగం తీసి బల్ల మీద పెట్టింది.

"రేపే. ఎన్నేళ్ళ నుంచి ఉందని అడక్కండి."

అడగలేదు.

సెప్టెంబరు 12, ఆదివారం

పోటు. సరుగుడు చెట్ల దగ్గర, నడుం లోతుకి పోయి ముంచాను. నీళ్ళు ఒంటిని ఒడ్డు వైపుకి నెడుతున్నాయి. ఇన్నాళ్ళూ లోపలికి లాగుతుండేవి. ఆ తేడా కాళ్ళకి తెలుస్తూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. నాలిక్కి రాసుకున్నాను. కటిక ఉప్పు. బుల్లెమ్మ ఒడ్డు నుంచి చేతులూపింది. "అదీ! ఇయ్యీ సముద్రమంటే!"

ఆరు డబ్బాలు. సాయంత్రం సీసాలు దానమ్మే పెట్టింది. పాచి పోగులు పత్తి తూచినట్టు తూచి చెరో సీసాలో వేసింది. పేర్లు తనే రాసి అంటించింది. మిగతా పోటు నీళ్ళు, పాతవి సగం తీసేసి, తొట్టిలో పోశాను.

సెప్టెంబరు 15

తేడా లేదు. నిద్ర పట్టలేదు.

సెప్టెంబరు 18

ఆటు సీసా గాజుకి నూగు పట్టింది. పోటు సీసాలో పోగులు ఉన్నట్టే ఉన్నాయి. దానమ్మ రోజూ రెండింటినీ అటూ ఇటూ మారుస్తోంది, ఒకదానికి ఎండ ఎక్కువ తగిలిందని రేపు ఎవరూ అనకుండా. కమిటీ వాళ్ళు ఏమడుగుతారో నాకంటే ఆమెకే ముందు తోస్తోంది.

తొట్టి గాజు మీద పాచి గోకకముందే ఊడి వస్తోంది.

సెప్టెంబరు 21

రాయికి కుడి వైపు పది గంటలకి నోళ్ళు తెరిచాయి. లెక్కపెట్టబోయి నలభై దగ్గర తప్పాను. తెల్లబడ్డ భాగం తెల్లగానే ఉంది. అది ఇక తిరిగి రాదు.

సెప్టెంబరు 24, శుక్రవారం

కమిటీ. సీసాలు నేను పట్టుకుపోతానన్నాను. "వద్దండి, నేను పట్టుకొస్తా" అంది.

ఒక సీసా చింతాకు పచ్చ. ఒకటి తేట, అడుగున నాలుగు పాలిపోయిన పోగులు. బల్ల మీద పెట్టింది. ఐదుగురు పెద్దలూ ముందుకు వంగారు. నేను నోరు తెరవబోయాను. సంజీవరావుగారు, "మీరు కూర్చోండి" అని ఆమెని అడిగారు, "ఏమిటమ్మా ఇవి?" అని. ఆమె చెప్పింది. ఐదు నిమిషాలు. ఒక్క విశేషణం లేదు. నేనైతే గంట తీసుకునేవాణ్ణి, ఎరువుల కంపెనీలని కూడా కలిపి.

ఒకాయన అడిగాడు, "రెండిట్లోనూ మేత వేశారా?" అని.

"అసలు వెయ్యలేదండి. అందుకే గదండీ సీసాలు."

పర్మినెంటు. అక్టోబరు ఒకటి నుంచి.

సెప్టెంబరు 25, శనివారం

పొద్దున అభినందించబోతే దానమ్మ అంది, "ఇంకోటుందండి. ఉద్యోగం కమిటీ ఇచ్చింది. మీరు నా మీద రాసింది మీ చేత్తో రాశారు. కాదని కూడా మీ చేత్తో రాసివ్వాలి. నాకు. తెలుగులో."

తెలుగులో. ప్రజల భాషలో రాయని పండితుల మీద ఎన్ని వ్యాసాలు రాశాను నేను! ఆమె మీద ఫిర్యాదు ఆమెకి రాని భాషలో రాశాను. అది నాకు తట్టనే లేదు.

భోజనాల విరామంలో కూర్చుని రెండు పేజీలు రాసి ఇచ్చాను. వేలు పెట్టుకుని చదివింది. మధ్యలో ఆగింది.

"ఇందులో నేనెక్కడున్నానండి?"

"మూడో పేరాలో."

"ముందు రెండూ?"

"వర్గ సమాజంలో మేధావి పాత్ర."

"ఇది మీ గురించి ఎక్కువుందండి." మడిచి తిరిగి ఇచ్చేసింది.

ఒక పేజీ రాశాను. చదివి, "'అయినప్పటికీ' అన్నారు రెండు చోట్ల. అది తీసెయ్యండి" అంది. తీసేశాను. 'పరిస్థితుల ప్రభావం' కూడా తనే వేలితో చూపించింది. అదీ తీసేశాను. మూడోసారి మిగిలింది ఇది. ఇక్కడ నకలు పెట్టుకుంటున్నాను.

'14-8-71న దానమ్మ మీద నేను రాసిన ఫిర్యాదు అబద్ధం. ఆమె మేత కొలత ఒక్కరోజూ తప్పలేదు. తొట్టిలోకి పాచి తెచ్చింది నేను. ఆమె మూడుసార్లు చెప్పబోతే వినలేదు.'

రెండుసార్లు చదువుకుంది. సంతకం కింద తారీఖు లేదని పెట్టించుకుంది. మడిచి రవికలో పెట్టుకుంది.

"నీళ్ళకి మళ్ళీ ఎప్పుడండి?"

"రేపు ఆదివారం. అష్టమి దగ్గరే."

"ఆదివారం నాకు చర్చి ఉందండి. సోమవారం దసరా సెలవేగా, అప్పుడెళ్దాం. నేనూ వస్తా. ఆ బుల్లెమ్మగారిని చూడాలి. డబ్బాలు ముంచేది నేను, మీరు ఒడ్డున పట్టుకోండి."

మగవాడు ఒడ్డున నిలబడి ఆడమనిషిని నీళ్ళలోకి దింపడం ఎంత అభ్యుదయమో చెప్పబోయాను. ఆమె అప్పటికే రెండు డబ్బాలు చేతికొకటి పట్టుకుని పంపు దగ్గరికి వెళ్ళిపోయింది, ఆటు నీళ్ళ వాసన పోయేదాకా కడగడానికి.